మీ ‘మేం’ల మేమున్నమా?

వారానికొక రోజు పాఠం చెప్పడానికి పోతం. ఊరి పేరు, కాలేజీ పేరు ఎందుకుగాని, జర్నలిజం చదివే పిల్లలు, ముప్పై మందికి ఇద్దరు తక్కువ. పత్రికల్లో ఇరవై ఏళ్లు పని చేసినోళ్లు వచ్చి నాలుగు మాటలు చెప్తే బాగుంటదని పిలిచిన్రు. గంటకింత అని ఇస్తరు. మాది ఉత్త బీఏ. పంతులు పని మాకెక్కడిది అనుకుంటనే ఒప్పుకున్నం.

సిలబస్ కాగితం చేతిలో పెట్టిన్రు. ఒకటో యూనిట్ సంస్కృతి, రెండోది సమాజం, మూడోది రాజకీయాలు. ఈ మూటికీ ఉన్న సంబంధాన్ని వివరించుమని పరీక్షలో ఏటా ఒక ప్రశ్న వస్తదట. పిల్లలు గైడు చూసి ‘విడదీయరాని సంబంధం కలదు’ అని రాస్తరు. మార్కులు పడుతయి. ఎందుకు విడదీయరాదో, విడదీస్తే ఎక్కడ నెత్తురు వస్తదో ఎవరూ అడగరు.

మేం గైడు పక్కన పెట్టి పీరీని పట్టుకున్నం.

(మేం, మేం అంటున్నమని నవ్వుకోకున్రి. పేపర్ల ‘నేను’ అని రాస్తే డెస్కు మీద కొట్టేసేటోళ్లు. ఇంట్లో అమ్మీ తన తలనొప్పి గురించి చెప్పుకున్నా ‘హమ్’ అనే అంటది. రెండు దిక్కుల నుంచీ అదే నాలుకకు పట్టింది.)

‘పీరీల పండుగ ఎవరిది?’ అని అడిగినం.

‘ముస్లింలది సార్’ అని ముందు బెంచీ. ‘మా ఊర్ల అందరం చేస్తం సార్’ అని వెనుక బెంచీ. ‘మా ఊర్ల సాయిబులే లేరు, అయినా పీరీలు లేస్తయి’ అని కిటికీ పక్కన కూసున్న పిలగాడు. ఇగ అక్కడ దొరికింది పాఠం. బోర్డు మీద గీతలు గీసుకుంట పోయినం. అలావా గుండం తవ్వేదెవరు? కట్టెలు తెచ్చేదెవరు? డప్పు కొట్టేదెవరు? పీరీని ఎత్తుకునే హక్కు ఏ ఇంటిది? దట్టీలు కట్టేది, ఊదు వేసేది, కుడుకల పేరు, మలీద పంచేది ఎవరు? పిల్లలు తమ తమ ఊర్ల లెక్క చెప్తుంటే పొద్దు తెలవలేదు. ఒక్కో పనికి ఒక్కో కులం బయటికొచ్చింది. డప్పు మాదిగోళ్లది. చాకలోళ్లు దివిటీ పట్టేటోళ్లట. ఒక ఊర్లో పెద్దపీరీ ఎత్తేది గొల్లోళ్లు. ముజావరు సాయిబు ఫాతెహా ఇస్తడు. పటేలు ఇంటి ముందు పీరీ ఆగకపోతే ఆ ఏడు కొట్లాటే.

‘ఇది సంస్కృతా, సమాజమా?’ అంటే పిల్లలు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు.

అప్పుడు రాజకీయాన్ని తెచ్చినం. క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో హుస్సేన్ చనిపోయింది అధికారం పేచీలోనే. యజీద్ గద్దెను ఒప్పుకోనన్నందుకే ఆ యుద్ధం. ఆ శోకం ఇంత దూరం నడిచి రావడానికి ఒక రాజ్యం కావల్సివచ్చింది. కుతుబ్‌షాహీలు షియాలు. చార్మినార్ కట్టిన కులీ కుతుబ్ షానే 1590లలో బాద్‌షాహీ ఆశుర్‌ఖానా కట్టించిండు. ఆ తర్వాత వచ్చిన ఆసఫ్‌జాహీలు సున్నీలు. అయినా ఆ పండుగను కొనసాగనిచ్చిన్రు. చాలా ఊర్లల్లో పీర్ల కొట్టాలకు ఇనాం భూములుండె. ఆ భూమి పంటతోనే ఊదు, నూనె, పది దినాల ఖర్చు వెళ్లేది. ఇప్పుడా భూములు ఎవరి చేతుల్లో ఉన్నయో మీ ఊరికి పోయి అడిగి రమ్మన్నం. వచ్చే వారం నలుగురే జవాబు తెచ్చిన్రు. ఒకడైతే ‘అడిగితే మా తాత కసిరిండు సార్’ అన్నడు. ఆ తాత కసురుడే మూడో యూనిట్ అని చెప్పినం. క్లాసంతా నవ్వింది.

మా ఊరి సంగతి కూడా చెప్పినం. మా చిన్నతనంలో పదో రోజు పీరీలు చెరువుకు పోతుంటే మా అమ్మీ తలుపు సందుల నుంచి చూసి కండ్లు తుడుచుకునేది. 1992 డిసెంబర్ తర్వాత రెండు దిక్కుల నుంచి రెండు గొంతులొచ్చినయి. తెల్ల టోపీ పెట్టుకుని పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు ఇది షిర్క్, దీనికి ఇస్లాంలో చోటు లేదన్నరు. కాషాయం కండువా వేసుకున్న పిలగాండ్లు తురకల దేవుడికి మనమెందుకు మొక్కాలె అన్నరు. ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోనోళ్లు ఒకే తలుపును రెండు పక్కల నుంచి మూసిన్రు. ఇప్పుడు ఎత్తేటోళ్లు లేక మా కొట్టంలో రెండు పీరీలు పెట్టెలోనే ఉంటయి.

మూడో వారం వార్త రాసే పద్ధతి చెప్పినం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. అక్కడ 9 మంది చనిపోతే, ఆ వెనుక జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో 5గురు పోయిన్రు. మేమప్పుడు కొత్త రిపోర్టర్లం. పాతబస్తీ పిలగాండ్లను పట్టుకపోయిన్రని వార్త రాస్తే, మా కాపీలో ఉన్న ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న మూడు మాటలు డెస్కు మీద జాగ చాలక ఎగిరిపోయినయి. మూడు మాటలు పోయేసరికి అనుమానం నేరమైంది. ఆ పిల్లలు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చిన్రు. 2018లో వేరే నిందితుల మీది కేసును కూడా కోర్టు కొట్టేసింది. ఒక్క వాక్యంలోని కర్త ఎవరో సరిగ చూసుకోకుంటే ఏమైతదో చూడున్రి అన్నం. పిల్లలు రాసుకున్నరు.

నిజం చెప్పాలంటే ఆ రోజు మా పాఠం మాకే నచ్చింది. ‘మేం ఈ దేశంల ఎప్పుడూ వార్తే అయినం గాని, వార్త రాసేటోళ్లం కాలేదు’ అన్న మాట కూడా వాడినం. క్లాసు నిశ్శబ్దమైంది. ఇసొంటి నిశ్శబ్దం కోసం మాట్లాడేటోళ్లు అది దొరికినప్పుడు కొంచెం పొంగుతరు. మేమూ పొంగినం.

అప్పుడు మూడో బెంచీలో కూసునే పిల్ల లేచింది. మిర్యాలగూడ దిక్కు నుంచి వచ్చిన పిల్ల. అప్పటిదాక నోరు విప్పలేదు.

‘సార్, మీరు మేం, మేం అంటున్నరు గదా. మీ ‘మేం’ల మేమున్నమా?’

‘మీరంటే?’

‘మేం దూదేకులోళ్లం సార్.’

ఇరవై ఏళ్లు మాటలతోనే బతికినోళ్లకు ఒక్క మాట దొరకలేదు. ‘ఎందుకుండరమ్మా, తప్పకుండ ఉంటరు’ అన్నం. ఆ పిల్ల ‘సరే సార్’ అని కూసున్నది. ఆ ‘సరే’ ఎసొంటిదో విన్నోళ్లకు తెలుస్తది. గంట కొట్టింది.

బస్సులో వస్తుంటే ఒకటి తట్టింది. ఆ పిల్ల తెలుగులో అడిగింది కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది. ఉర్దూలో అయితే పుట్టకపోవు. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. ఎదుటి మనిషిని కలుపుకున్నా హమ్, బయట నిలబెట్టినా హమ్. తెలుగు అట్ల విడిచిపెట్టదు. మేము వేరు, మనము వేరు. నోరు తెరిచేసరికే చెప్పాలె, వినేటోడు లోపల ఉన్నడా, గడప అవుతల ఉన్నడా అని. మేం ఇన్నేళ్లు తెలుగులో రాసుకుంట, తలకాయలో ‘హమ్’ అనుకుంట బతికినం. ఆ ‘హమ్’ నీడలో అందరూ ఉన్నరనే అనుకున్నం. ఆ పిల్ల లైటు వేసి చూపించింది.

దూదేకులోళ్ల గురించి మాకు తెలిసిందేమిటి? చిన్నప్పుడు మా గల్లీకి చలికాలం ముందు ఒకాయన వచ్చేటోడు. భుజాన పెద్ద విల్లు, దానికి నరం తాడు. కట్టెతో ఆ తాడును కొడుతుంటే ‘డుంయ్’ మని మోగేది, దూది లేచి గాలిలో ఆడేది. ఆయన మీసాలు, కనుబొమ్మలు తెల్లగ అయ్యేటివి. మా బొంతలన్నీ ఆయనే ఏకి కుట్టిండు. ఇంట్లో అమ్మీ ఆయనతో తెలుగులోనే మాట్లాడేది. సలాం చెప్తే వాలేకుం అనేది గాని, గ్లాసు మాత్రం వేరేది ఇచ్చేది. ఆయన పేరు అడిగిన జ్ఞాపకం లేదు.

ఇంకొకటి కూడా తెలుసు. తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే సయ్యద్ మియా అనే సామెత. ఈ సామెత తెలుగోళ్లు అందరూ అంటరు. మా ఇంట్లో కూడా అనేటోళ్లు, తెలుగులోనే. మమ్మల్ని సామెతల్లో, సినిమాల్లో ఎట్ల ఎగతాళి చేసిన్రో పేజీల కొద్దీ రాసినం. ఈ ఒక్క సామెత మాత్రం మా జాబితాలో ఎన్నడూ ఎక్కలేదు. అందులో నవ్వులపాలయ్యేది మేం కాదు గదా.

వాళ్ల ఇంట్లో మాట తెలుగు. పేర్లు మస్తానమ్మ, పీరమ్మ, నాగూరు. నిఖా కాజీ సాబే చేస్తడు, ఊరి దేవతకు మొక్కూ ఉంటది. మరలు వచ్చి దూది ఏకే పని పోతే పరుపులు కుట్టిన్రు, కోస్తా దిక్కు కొన్ని కుటుంబాలు నాదస్వరం పట్టినయి. ముస్లింలు గుడిలో వాయించుడు అంటే నమ్మని పిల్లలకు షేక్ చినమౌలానా గురించి చెప్తం. ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగం పోయి స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న మనిషి. ‘చూసిన్రా, ఎంత గొప్ప కలయిక’ అని ఆయన్ని చూపించి మురుస్తం. పిల్లనివ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ కలయిక మాకు కనపడదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మా ఆపా సంగతి చెప్పాలె. ఇన్నేళ్లు రాయలేదు.

1997. ఆపా టీచర్ ట్రైనింగ్ చేసింది. తనతో చదివిన ఒకాయన ఇంటి నుంచి పైగాం వచ్చింది. సర్కారు బడిలో ఉద్యోగం, మంచి మనిషి, నమాజు తప్పనోడు. ఆపాకు కూడా ఇష్టమేనని అమ్మీకి తెలుసు. మధ్యవర్తి చాయ్ తాగుకుంట అన్నీ చెప్పి, చివరికి ‘వాళ్లు నూర్‌బాషాలు’ అన్నడు. దూదేకులోళ్లనే అట్ల కూడా అంటరు. అబ్బా కప్పు సాసరులో పెట్టిండు. ‘ఘర్ మే ఉర్దూ నహీ బోల్తే నా?’ అన్నడు. అంతే. జాత్ అనలేదు, ఖాందాన్ అనలేదు. ఇస్లాంలో అవి లేవు గదా! ఉర్దూ రాదు అన్నడు. మధ్యవర్తి పోయినంక మేం సామెత చెప్పి నవ్వినం. మాకప్పుడు పదిహేడేళ్లు. అబ్బా కూడా నవ్విండు. ఆపా చాయ్ కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

ఉర్దూ అంటే మా ఇంట్లో ఎందుకంత గొప్ప? దీన్ని కూడా పాఠం లెక్క చెప్పుకోవాలె. ఉర్దూ ఏం ఆకాశం నుంచి దిగిన ఖాందానీ భాష కాదు. 1880లలో నిజాం సర్కారు పారసీని తీసేసి ఉర్దూను కచేరీ భాష చేసింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెడితే చదువంతా ఉర్దూలోనే. ఉర్దూ వస్తే నౌకరీ, నౌకరీ ఉంటే ఇజ్జత్. మా దాదా తాలూకా కచేరీలో చిన్న గుమాస్తా. 1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్ అయింది. రాజ్యం పోయింది, కొన్నాళ్లకు నౌకరీ పోయింది, 1956 తర్వాత కచేరీలో ఆ భాష కూడా పోయింది. దాదా కిరాణా కొట్టులో లెక్కలు రాసి చనిపోయిండు. ఆయన లెక్కలు రాసిన దస్తూరీ మాత్రం చూస్తే ముత్యాలే. మాకు మిగిలింది అదొక్కటే, మాట గొప్ప. పైన ఉన్నోళ్ల మీద అది పనిచెయ్యదు, వాళ్ల ముందు మేమందరం ఒకటే, తురకోళ్లం. ఇగ ఆ గొప్ప చూపించుకోవడానికి దొరికింది ఎవరు? మా బొంతలు కుట్టినోళ్లు.

అదే అబ్బా పదేళ్లకు, 2007లో, ఎమ్మార్వో ఆఫీసు ముందు లైన్లో నిలబడ్డడు. ముస్లింలకు రిజర్వేషన్ అని 2004లో జీవో ఇస్తే హైకోర్టు కొట్టేసింది, 2005లో చట్టం చేస్తే అదీ కొట్టేసింది. 2007లో ముస్లింలందరికీ అనకుండ, వెనుకబడ్డ ముస్లిం కులాలకని బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. (2010లో హైకోర్టు దాన్ని కూడా కాదంటే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నిలబెట్టింది.) సయ్యదులకు, పఠాన్లకు, మొఘల్లకు లేదు. షేకులకు ఉంది. మేం షేకులం. తమ్ముడికి ఇంజినీరింగ్ సీటు కావాలె.

గుమాస్తా ‘కులం?’ అని అడిగిండు. ‘మాలో కులాలుండవు సాబ్’ అన్నడు అబ్బా, అలవాటు కొద్దీ. ‘అయితే సర్టిఫికెట్ ఎందుకు?’ అన్నడాయన. వెనుక లైన్లో ఎవరో నవ్విన్రు. అబ్బా ‘షేక్’ అన్నడు. అరబ్బు నుంచి వచ్చినమని చెప్పుకునే అదే షేక్. దరఖాస్తు మీద ఉర్దూలో సంతకం చేసిండు.

తమ్ముడికి సీటు వచ్చింది. మంచిదైంది, దానికి సిగ్గుపడేది లేదు. 2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్కలు చూసినోళ్లెవరూ ఆ సీటు దండగ అనరు. కాని అదే కమిటీ ముస్లింలలో అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే అంతస్తుల గురించి కూడా రాసింది. మేం పేపర్లో మొదటి సంగతి మీద వరుసగ కథనాలు రాసినం, రెండో దాని మీద ఒక్క ముక్క రాయలేదు. ఎవరూ కొట్టెయ్యలేదు. మేమే రాయలేదు. దూదేకులోళ్లు 1970 నుంచే బీసీ-బిలో ఉన్నరు. ముప్పై ఏడేళ్లు వాళ్లు చూపించిన కాగితాన్ని చూసి ‘వీళ్లు అసలు ముస్లింలేనా’ అని మా గల్లీలో అన్నోళ్లున్నరు. వాళ్లకు పేరు ముస్లిందైనందుకు కిరాయికి ఇల్లు దొరకదు, మాట తెలుగైనందుకు మసీదు ముందు వరుసలో చోటు దొరకదు. ఇందులో మొదటిది రాజకీయమని గొంతు చించుకుంటం. రెండోది మా ఇంటి లోపలి సంగతని ఊకుంటం.

ఆ రాత్రి ఆపాకు ఫోన్ చేసినం. హైదరాబాద్‌లో ఉంటది. మంచి ఉర్దూ మాట్లాడే ఇంట్లోనే ఇచ్చినం. ఆ ఇంట్లో ఆడోళ్లు ఉద్యోగం చెయ్యరు. ట్రైనింగ్ సర్టిఫికెట్ బీరువాలో ఉంది. క్లాసులో జరిగింది చెప్పినం. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘ఆ పిల్లకు ఏం జవాబు చెప్పినవ్?’ అన్నది. ఉన్నరు అని చెప్పిన అన్నం. ‘ఝూట్’ అన్నది. కోపంగ కాదు, పిల్లల లెక్కల్లో తప్పు చూపించినట్టు అన్నది. ‘నువ్వు నవ్వింది నాకు యాదికుంది’ అని కూడా అన్నది. ఇరవై ఏడేళ్ల తర్వాత అన్నది.

వచ్చే వారం సిలబస్ తెరవలేదు. పీరీల గీతల పక్కన మా ఇంటి గీతలు గీసినం. దాదా కచేరీ, అబ్బా సాసరు, సామెత, సర్టిఫికెట్ లైను. ఆపా పేరు చెప్పలేదు, ‘మా ఇంట్లో ఒకరు’ అన్నం. ఇంకా అంత ధైర్యం రాలేదు. పెండ్లి సంబంధం సంస్కృతి కిందికొస్తదా, సమాజం కిందికా, రాజకీయం కిందికా అని అడిగినం. పీరీల నాటి లొల్లి లేదు. ఒక రెడ్ల పిలగాడు, ఒక మాల పిలగాడు ఒకే బెంచీలో కూసుని చెరో దిక్కు చూసిన్రు. మూడో బెంచీ పిల్ల తల వంచుకుని రాసుకుంటున్నది.

మీ ఇంట్లోని ఒక్క వస్తువు మీద రెండు పేజీలు రాసి తెమ్మన్నం. ఎక్కువమంది టీవీ మీదనో తాతల నాటి గడియారం మీదనో రాసిన్రు. ఆ పిల్ల వాళ్ల నానమ్మ ఇంట్లో అటుక మీద పడి ఉన్న విల్లు మీద రాసింది. నరం తాడు ఎన్నడో తెగిపోయిందట. దానికిప్పుడు ఉల్లిగడ్డలు వేలాడదీస్తరట. రెండు చోట్ల అచ్చుతప్పులు దిద్దినం, ఒక వాక్యం బాగుందని పక్కన గీత గీసినం. రెండో పేజీలో మా గురించి కూడా ఒక మాట ఉంది. ‘మా సార్ వాళ్లు షేకులు. వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడుతరు. మేం తెలుగు మాట్లాడుతం.’

ఎర్ర పెన్ను ఆ ‘వాళ్లు’ మీద కొంచెంసేపు ఆగింది. దిద్దలేదు. పేజీ తిప్పి మార్కులు వేసినం.